తండ్రిగారి పాత హెచ్‌ఎంటీ లేత్‌ను వారసుల దగ్గర నేరుగా కొంటున్నాను: ఏమేమి చూసుకోవాలి?

ప్రశ్న: ఏరియేటర్ రిపేరు షాపు, భీమవరం

అందరికీ నమస్కారం. రొయ్యల చెరువుల్లో వాడే ఏరియేటర్లనూ (నీటిలో గాలి కలిపే యంత్రాలనూ) మోటార్లనూ బాగుచేసే చిన్న షాపు నాది. అరిగిపోయిన షాఫ్టుకు బేరింగ్ సీటు తిరిగి చేయించడం, బుష్‌లు చేయించడం, ఫ్లాంజి ముఖం సరిచేయించడం వంటి పనులన్నిటికీ ఇప్పటివరకు, ఇనుప ముక్కను తిప్పుతూ కోసే లేత్ మిషన్లు ఉన్న బయటి లేత్ వర్క్స్ మీదే ఆధారపడుతున్నాను. చెరువులో పిల్ల ఎదిగిన దశలో ఏరియేటర్ ఆగితే నీటిలో ఆక్సిజన్ పడిపోయి తెల్లారేసరికి రైతు నష్టాల్లో మునిగిపోయే ప్రమాదం ఉంటుంది కాబట్టి, లేత్ దగ్గర వంతు కోసం ఎదురుచూడడం నాకూ రైతుకూ భారంగా ఉంది. అందువల్ల సొంతంగా ఒక లేత్ పెట్టుకోవాలని నిశ్చయించుకున్నాను.

విజయవాడ పరిసరాల్లో ఒక కుటుంబం తమ తండ్రిగారి హెచ్‌ఎంటీ ఎల్‌బీ 17 మోడల్ లేత్‌ను అమ్మకానికి పెట్టింది. మధ్యలో బ్రోకరు లేడు. కొడుకే స్వయంగా మాట్లాడుతున్నారు. 1974లో కొన్నదని చెబుతున్నారు. సెంటర్ ఎత్తు (కింది దిమ్మె నుంచి తిరిగే ముక్క మధ్యరేఖ వరకు) 170 మి.మీ., సెంటర్ల మధ్య దూరం (పట్టగల ముక్క పొడవు) ఒక మీటరు. ముక్కను పట్టే చక్‌లలో ట్రూ చక్ (దవడలన్నీ కలిసి కదిలేది), డాగ్ చక్ (ఒక్కో దవడ విడిగా కదిలేది) రెండూ ఉన్నాయి. ఛేంజ్ గేర్లు (మరలు కోయడానికి మార్చి వేసే గేర్లు) ఒక గోనెసంచిలో ఉన్నాయి. స్టెడీ (పొడవైన ముక్కకు మధ్యలో ఆసరా) మాత్రం ఎక్కడా కనబడలేదు. తండ్రిగారు పోయిన తరవాత షెడ్డు మూసే ఉందట. అమ్మేందుకని మిషను మొత్తానికి ఈ మధ్యనే ఆకుపచ్చ రంగు వేయించారు. 1,60,000 రూపాయలు అడుగుతున్నారు.

ఒకసారి వెళ్లి పైపైన చూసి వచ్చాను. మనిషి మర్యాదస్తుడు, తండ్రి వస్తువు మీద గౌరవం ఉన్నవాడు. కరెంటు పెట్టి తిప్పి చూసుకోవడానికి అభ్యంతరం లేదన్నారు. మా షాపులో త్రీ ఫేజ్ కరెంటు ఉంది, మోటారు సంగతి నేనే చూసుకోగలను. నాకు తెలియనిది లేత్ సంగతి. యాభై ఏళ్లు నడిచిన మిషనులో ఏ అరుగుదలను సహించవచ్చు, దేన్ని చూసి వెనక్కి తిరగాలి, చెప్పిన ధర న్యాయమేనా అన్నవి అనుభవం ఉన్నవారు వివరిస్తే మేలు చేసినవారవుతారు.


జవాబు: లేత్ వర్క్స్ యజమాని, విజయవాడ ఆటోనగర్

ముందుగా ఆ కొత్త రంగు సంగతి చూడాలి. మూలనపడిన మిషనుకు అమ్మేముందు రంగు వేయించడంలో తప్పేమీ లేదు. అయితే రంగు కింద పుట్టీ, పుట్టీ కింద పోత ఇనుముకు వేసిన అతుకు దాగి ఉండే అవకాశం ఉంటుంది. హెడ్‌స్టాక్ (చక్‌ను తిప్పే గేర్ల పెట్టె) బెడ్ (పొడవాటి ఇనుప దిమ్మె) మీద కూర్చునే చోట, కాళ్లు కలిసే మూలల్లో, టెయిల్‌స్టాక్ (ముక్క రెండో చివరను ఆపే భాగం) బిగింపు దగ్గర రంగు లేని ఇనుము మీద కిరోసిన్ రాసి, కాసేపు ఆగి, పొడిగుడ్డతో శుభ్రంగా తుడిచి, పైన సుద్దపొడి చల్లండి. పగులు ఉంటే అందులోకి ఇంకిన కిరోసిన్ మళ్లీ పైకి వచ్చి తెల్లటి పొడి మీద తడి గీతగా కనబడుతుంది. రంగు ఉన్నచోట ఈ పరీక్ష పనికిరాదు. అనుమానం కలిగిన చోట అమ్మేవారి అనుమతి తీసుకుని బ్లేడుతో కొంచెం గీకి చూడవలసిందే.

ఆ తరవాత బెడ్. ఏ లేత్ అయినా చక్ ముందున్న అడుగు, అడుగున్నర మేర ఎక్కువగా అరుగుతుంది. ఎందుకంటే పనిలో ఎక్కువ భాగం అక్కడే జరుగుతుంది. టెయిల్‌స్టాక్ చివర సాడిల్ (టూల్‌ను మోస్తూ బెడ్ మీద నడిచే భాగం) ఎన్నడూ వెళ్లని చోటు నుంచి చక్ వైపు బెడ్ మీద గోరు పెట్టి మెల్లగా రాసుకుంటూ రండి. మెట్టులాగా తగిలితే అరుగుదల బాగా ఉన్నట్టే. రెండో పరీక్ష ఇంకా నమ్మదగినది. సాడిల్‌ను చక్ దగ్గరికి తెచ్చి, దాని లాక్ బోల్టును చేత్తో తిప్పితే సాడిల్ కాస్త బరువుగా కదిలేంత మాత్రమే బిగించండి. ఇప్పుడు చక్రం తిప్పుతూ టెయిల్‌స్టాక్ వైపు తీసుకెళ్లండి. బెడ్ సమంగా ఉంటే చివరి వరకు అదే బరువుతో పోతుంది. చక్ దగ్గర పల్లం పడి ఉంటే మధ్యలోనే బిగుసుకుని ఆగిపోతుంది. ఆగిన చోటు చక్‌కు ఎంత దగ్గరైతే అరుగుదల అంత ఎక్కువని అర్థం.

మిషను తిప్పేటప్పుడు ప్రతి స్పీడులోనూ వేసి వినండి. హెడ్‌స్టాక్‌లో నూనె ఎంత చిక్కగా ఉందో వేళ్ల మధ్య రుద్ది చూడండి; గేర్ల మోత వినబడకుండా 140 నంబరు గేర్ ఆయిల్ పోసి అమ్మే అలవాటు కొందరికి ఉంది. నూనె పాలలాగా తెల్లబడి ఉంటే లోపలికి నీళ్లు చేరాయని గ్రహించాలి. లీడ్ స్క్రూ (మరలు కోసేటప్పుడు సాడిల్‌ను నడిపే పొడవాటి స్క్రూ) మీద హాఫ్ నట్ (సాడిల్‌ను దానికి పట్టించే నట్) వేసి సాడిల్‌ను చేత్తో ముందుకూ వెనక్కూ నెట్టి చూడండి. క్రాస్ స్లైడ్ (టూల్‌ను అడ్డంగా నడిపే భాగం) హ్యాండిల్ తిప్పితే స్లైడ్ కదలకుండా ఎంత ఖాళీగా తిరుగుతోందో డయల్ మీద లెక్కపెట్టండి. అయితే ఇవేవీ నన్ను భయపెట్టవు. గన్‌మెటల్ నట్ ఆటోనగర్‌లో చేయించుకోవచ్చు, చక్ కొత్తది కొనుక్కోవచ్చు, గేరు విరిగితే కోయించుకోవచ్చు. బెడ్ పోయిన మిషనును మాత్రం ఎంత తక్కువకు ఇచ్చినా తీసుకోవద్దన్నది నా మాట. బెడ్ గ్రైండింగ్ చేయించాలంటే మిషను మొత్తం విప్పాలి, పెద్ద గ్రైండర్ ఉన్న ఊరికి లారీలో పంపాలి, దిగిన ఎత్తుకు సరిపడా సాడిల్ కింద టర్సైట్ (జారుడు ప్లాస్టిక్ పట్టీ) అతికించి స్క్రేపింగ్ (చేత్తో గీకి సమం చేయడం) చేయించాలి. అప్పటికి మీరు పెట్టిన ధర రెట్టింపవుతుంది.


జవాబు: చిన్న పరిశ్రమ నడిపేవారు, తెనాలి

మీ పని షాఫ్టు చివరలు, బుష్‌లు మాత్రమే అయినప్పుడు యాభై ఏళ్ల మిషను కోసం ఇంత శ్రమ అవసరమా అన్నది నా సందేహం. పంజాబులోని బటాలా నుంచి, గుజరాత్‌లోని రాజ్‌కోట్ నుంచి వచ్చే కొత్త మీడియం డ్యూటీ లేత్‌లు మీ బడ్జెట్‌కు కాస్త అటూ ఇటూగా దొరుకుతాయి. కొత్తదానికి బిల్లు ఉంటుంది, కొన్నాళ్లు గ్యారంటీ ఉంటుంది, బ్యాంకు రుణమూ సులువుగా వస్తుంది. పాతదాంట్లో ఏది ఎప్పుడు పోతుందో అన్న ఆందోళన ఉండదు. దీన్ని కూడా ఆలోచించండి.


జవాబు: విశ్రాంత టూల్‌రూమ్ ఫోర్‌మన్, హైదరాబాద్

ఆటోనగర్ మిత్రులు చెప్పిన పరీక్షలన్నీ సరైనవే, వాటిని వదలకుండా చేయండి. అయితే ఆయన చేరిన ముగింపుతో నేను ఏకీభవించలేకపోతున్నాను. బెడ్ అరిగిన లేత్ అందరికీ పనికిరానిది కాదు. మీరు దాని మీద ఏ పని చేస్తారన్నదాన్ని బట్టి ఏ అరుగుదల మీకు నష్టం, ఏది కాదు అన్నది తేలుతుంది. టూల్‌రూములో అర మీటరు పొడవున్న మాండ్రిల్‌ను (కచ్చితమైన కడ్డీని) మొదటినుంచి చివరి వరకు ఒకే కొలతలో తేవలసిన వారికి బెడ్ ప్రాణం. మీ సంగతి వేరు.

మీరు రోజూ చేయబోయే పనినే తీసుకుందాం. ఒక షాఫ్టు మీద 6205 బేరింగ్ కూర్చోవాలి. దాని బోరు (లోపలి రంధ్రం) 25 మి.మీ., వెడల్పు 15 మి.మీ. మామూలు బిగుతుకు షాఫ్టును 25.002 నుంచి 25.015 మి.మీ. మధ్యకు తేవాలి. అంటే మీకు దొరికే వెసులుబాటు 13 మైక్రాన్లు (మైక్రాన్ అంటే మి.మీ.లో వెయ్యో వంతు). మీరు ఆ కొలతను నిలబెట్టవలసిన పొడవు 15 మి.మీ. మాత్రమే. అడుగున్నర మేర మెల్లమెల్లగా పల్లం పడిన బెడ్ మీద, ఆ 15 మి.మీ. ప్రయాణంలో సాడిల్ కిందికి దిగేది లెక్కలోకి కూడా రాదు. ఏరియేటర్ షాఫ్టు పొడవైనదే అయినా, బ్రైట్ బార్ (ముందే నున్నగా చేసిన కడ్డీ) తెచ్చి చివరలు మాత్రమే కోస్తారు కదా, మధ్య భాగాన్ని ఎవరూ టర్నింగ్ చేయరు.

అరుగుదలలో కూడా నిలువు వేరు, అడ్డం వేరు. సాడిల్ నిలువుగా 0.1 మి.మీ. దిగిందనుకోండి. 40 మి.మీ. వ్యాసం ఉన్న జాబ్ (కోసే ముక్క) మీద అందువల్ల వచ్చే తేడా మైక్రానులో సగం. అదే, బెడ్ మీద సాడిల్ నడిచే వీ ఆకారపు దారి ఒక పక్క అరిగి సాడిల్ అడ్డంగా 0.05 మి.మీ. జరిగితే, ఆ తేడా రెండింతలై వ్యాసంలో 0.1 మి.మీ. కనబడుతుంది. గోటికి తగిలే మెట్టు ఎక్కువగా నిలువు అరుగుదలనే చెబుతుంది. అందుకే గోరును నమ్మి మిషనును వదులుకోవద్దు; డయల్ గేజి (సన్నని తేడాను సూదితో చూపే సాధనం) పెట్టి కొలవండి. సాడిల్ మీద మాగ్నెటిక్ బేస్ నిలిపి, డయల్ మొనను టెయిల్‌స్టాక్ నడిచే లోపలి దారి మీద ఆనించండి. హెడ్‌స్టాక్ పక్కకు టెయిల్‌స్టాక్ ఎన్నడూ రాదు కాబట్టి అక్కడ ఆ దారి ఫ్యాక్టరీలో తయారైన నాటి స్థితికి దగ్గరగా ఉంటుంది. సాడిల్‌ను మెల్లగా నడుపుతూ పోతే బయటి దారి ఎంత అరిగిందో సూది చూపిస్తుంది. తరవాత మొనను ఆ లోపలి వీ దారి ఏటవాలు ముఖం మీద పెట్టి ఇంకోసారి నడిపితే అడ్డం కదలిక కూడా తెలుస్తుంది.

మీరు అన్నిటికన్నా ఎక్కువ సమయం వెచ్చించవలసింది స్పిండిల్ (చక్‌ను తిప్పే ఇరుసు) దగ్గర. బెడ్ లోపం పొడవైన జాబ్‌లను మాత్రమే చెడగొడుతుంది, స్పిండిల్ లోపం ప్రతి జాబ్‌నూ చెడగొడుతుంది. డయల్ బేస్‌ను బెడ్ మీద ఉంచి, మొనను స్పిండిల్ ముక్కు మీద పైనుంచి ఆనించండి. చక్ కింద ఒక గట్టి కర్ర పెట్టి, బెడ్ మీద ఆసరా తీసుకుని పైకి ఎత్తండి. సూది 0.01, 0.02 మి.మీ. కదిలి, కర్ర వదలగానే వెనక్కు వస్తే సంతోషించండి. 0.05 కదిలితే ఆగి ఆలోచించాలి. తరవాత చక్ తీసేసి, స్పిండిల్ టేపర్ (ముక్కులోని ఏటవాలు రంధ్రం) లోపలి గోడకు డయల్ ఆనించి చేత్తో తిప్పండి, 0.01 మి.మీ. లోపు ఉంటే చాలు. చక్ పట్టిన ముక్క మీద డయల్ పెట్టి చూస్తే చక్ దవడల అరుగుదల కూడా కలిసిపోయి, మంచి స్పిండిల్‌కు చెడ్డపేరు వస్తుంది.

ఆ తరవాత కోసి చూడండి. మీకు రేపు కావలసింది స్టెయిన్‌లెస్ స్టీల్ కాబట్టి 304 రకం ముక్కను, కొత్తగా సానపట్టిన మీ సొంత టూల్‌ను వెంట తీసుకువెళ్లండి. అక్కడున్న మొద్దుబారిన టూల్‌తో కోస్తే తప్పు ఎవరిదో తేలదు. చక్ నుంచి కొద్దిగా బయటికి పట్టి సన్నని పార్టింగ్ టూల్‌తో (ముక్కను తెగ్గోసే టూల్‌తో) లోపలికి కోయండి. స్పిండిల్‌లో లూజ్ ఉంటే పార్టింగ్‌లో దాగదు: జాబ్ కీచుమంటుంది, గాడి గోడల మీద అలలు పడతాయి, టూల్ లోపలికి లాక్కుపోతుంది. ఇంకో ముక్క మీద సన్నని ఫినిషింగ్ కట్ వేసి, చక్ నుంచి తీసి, వీ బ్లాకు మీద పెట్టి డయల్ కింద తిప్పి చూడండి. మైక్రోమీటరుతో సరిపెట్టవద్దు, మూడు ఉబ్బులున్న గుండ్రనితనపు లోపం మైక్రోమీటరుకు ఎటు కొలిచినా ఒకే వ్యాసంగా కనబడుతుంది, బేరింగ్ మాత్రం ఆ మూడు చోట్లే నలుగుతుంది.

తెనాలి మిత్రుల సలహాలో న్యాయం ఉంది. అయినా తేలికపాటి కొత్త లేత్ మీద స్టెయిన్‌లెస్ పార్టింగ్ చేసి చూసినవారు పాత ఇనుము విలువను కాదనలేరు. 1953లో బెంగళూరులో మొదలైన హెచ్‌ఎంటీ గానీ, 1941లో హరిహర్‌లో మొదలైన మైసూర్ కిర్లోస్కర్ గానీ ఆ కాలంలో ఇనుము దగ్గర పొదుపు చేయలేదు. ఎల్‌బీ 17లు దేశమంతటా నడిచాయి కాబట్టి పాత మిషన్ల నుంచి విప్పిన భాగాలు సికింద్రాబాద్ రాణిగంజ్ వంటి బజార్లలో వెతికితే దొరుకుతాయి. ఆ చక్‌ల మీద ముద్ర చూడండి. మా కవాడిగూడలో 1943లో పుట్టిన ప్రాగా టూల్స్ వారి చక్ అయితే, దవడలు సన్నగా గ్రైండింగ్ చేయించుకుని ఇంకో తరం వాడుకోవచ్చు.

గోనెసంచిలోని గేర్లను కూడా పళ్లు లెక్కపెట్టి రాసుకోండి. గేర్‌బాక్స్ మీద రేకు పట్టిక ఉంటుంది; ఏ మరకు (థ్రెడ్‌కు) ఏ గేర్లు వేయాలో దాని మీద చెక్కి ఉంటుంది. పాత పంపుసెట్ల మీద అంగుళం లెక్క మరలు ఇప్పటికీ వస్తాయి. మెట్రిక్ లీడ్ స్క్రూ ఉన్న లేత్ మీద వాటిని సరిగ్గా కోయాలంటే సాధారణంగా 127 పళ్ల గేరు అడుగుతుంది. అంగుళం 25.4 మి.మీ. కదా, దాన్ని పూర్తి సంఖ్య చేయడానికి ఐదుతో గుణిస్తే 127 వస్తుంది. అందుకే దానికి బదులు ఇంకో గేరు పనికిరాదు. పట్టిక ఏ గేరును అడుగుతోందో, అది సంచిలో ఉందో లేదో సరిచూసుకున్నాకే ధర మాట్లాడండి.


జవాబు: చిన్న పరిశ్రమల లెక్కలు చూసే అకౌంటెంటును, గుంటూరు

మిషను సంగతి పెద్దలు చెప్పారు. నేను కాగితాల గురించి చెబుతాను. అమ్ముతున్నది కొడుకే అయినా వస్తువు తండ్రిది. ఆయన వీలునామా రాయకుండా పోయి ఉంటే, 1956 నాటి హిందూ వారసత్వ చట్టం ప్రకారం భార్య, కొడుకులు, కూతుళ్లు, బతికి ఉంటే ఆయన తల్లి, అందరూ సమాన హక్కుదారులు. కాబట్టి రసీదు మీద తల్లిగారి, అక్కచెల్లెళ్ల సంతకాలు కూడా అడగండి. మర్యాదగా అడిగితే ఎవరూ నొచ్చుకోరు. మిషను లారీ ఎక్కుతుండగా ఒక అల్లుడు వచ్చి ఆపిన తగాదా మా దగ్గరికి వచ్చింది, అందుకే చెబుతున్నాను.

రెండోది అప్పు. ఆ తరం చిన్న పరిశ్రమల్లో చాలామంది రాష్ట్ర ఆర్థిక సంస్థ దగ్గరో, బ్యాంకు దగ్గరో మిషను తాకట్టుతో రుణం తీసుకునేవారు. 1974 నాటి రుణం తీరిపోయి ఉండవచ్చు గానీ, తరవాత షెడ్డు విస్తరణకో, నిర్వహణ ఖర్చులకో తీసుకున్న రుణంలో ఈ మిషను కూడా తాకట్టు జాబితాలో చేరి ఉండే వీలుంది. రుణాలేవీ బాకీ లేవని, ఉంటే బాధ్యత తమదేనని రసీదులోనే రాయించుకోండి. బెడ్ చివర గానీ హెడ్‌స్టాక్ మీద గానీ కొట్టిన మిషను నంబరును రసీదులో ఎక్కించి, ఆ నంబరు కనబడేలా ఫోటో తీసి జతపరచండి. మీ షాపుకు జీఎస్టీ నమోదు ఉండి, అమ్మేవారికి లేకపోతే, విలువ 50,000 దాటుతుంది కాబట్టి రవాణాకు ఈ-వే బిల్లు (సరుకుతో వెళ్లే జీఎస్టీ పత్రం) తీయవలసిన బాధ్యత మీదే. తండ్రిగారి వర్క్‌షాపు జీఎస్టీ నమోదు ఇంకా రద్దు కాకుండా ఉంటే మాత్రం పద్ధతి మారుతుంది. వారి ఆడిటరుతో ముందే మాట్లాడించండి. సొమ్ము బ్యాంకు ద్వారానే ఇవ్వండి, బయానాకు కూడా రసీదు తీసుకోండి.


ప్రశ్న వేసినవారి నుంచి: భీమవరం

అందరికీ కృతజ్ఞతలు. డయల్, మాగ్నెటిక్ బేస్ అరువు తెచ్చుకుని, లేత్ నడిపే తెలిసిన టర్నర్ ఒకాయనను వెంటపెట్టుకుని వెళ్లి వచ్చాను. కిరోసిన్ పరీక్షలో పగుళ్లేమీ బయటపడలేదు. సాడిల్ లాక్ పరీక్షలో చక్ నుంచి సుమారు 300 మి.మీ. దాటాక బిగుసుకుంది. లోపలి దారితో పోల్చితే బయటి దారి చక్ దగ్గర 0.12 మి.మీ. దిగింది, అడ్డం కదలిక 0.02 లోపే ఉంది. స్పిండిల్ టేపర్‌ను తిప్పితే సూది 0.01 మి.మీ. కూడా కదలలేదు. అయితే కర్రతో ఎత్తినప్పుడు సూది 0.05 కదిలింది, స్టెయిన్‌లెస్ పార్టింగ్‌లో కీచుమని అలలు పడ్డాయి. మైల్డ్ స్టీలు మీద మామూలు టర్నింగ్ నున్నగానే వచ్చింది. అన్ని స్పీడుల్లో గేర్లు ఒకే తీరుగా మోగుతున్నాయి, నూనె పలుచగా శుభ్రంగా ఉంది. 150 మి.మీ. పొడవున కోస్తే ముక్క మీద 0.03 టేపర్ (రెండు చివరల మధ్య తేడా) వచ్చింది. రేకు పట్టిక అడిగిన గేర్లలో ఒకటి సంచిలో లేదు.

వారి తల్లిగారు షెడ్డులోకి వచ్చి, ఆయన చేతిరాతతో ఉన్న ఒక పుస్తకం చూపించారు. ఎప్పుడు నూనె మార్చారో, ఎప్పుడు బెల్టులు మార్చారో తేదీలతో రాసి ఉంది. సంతకాలు చేయడానికి అందరూ సిద్ధంగా ఉన్నారు, రుణాలేవీ లేవు, జీఎస్టీ నమోదు ఎప్పుడో రద్దయింది. ఇప్పుడు స్పిండిల్ లూజ్ ఒక్కటే నన్ను ఆపుతోంది.


జవాబు: విశ్రాంత టూల్‌రూమ్ ఫోర్‌మన్, హైదరాబాద్

మీరు తెచ్చిన కొలతలు చూసి సంతోషం కలిగింది. కోసిన ముక్క మీద వచ్చిన టేపర్ గురించి ఇప్పుడు కంగారుపడవద్దు. నేల మీద లెవెల్ లేకుండా నిలబడిన మిషను బెడ్ కొంచెం మెలితిరిగి ఉంటుంది, ఆ మెలిక టేపర్‌గా కనబడుతుంది. లెవెలింగ్ చేశాక మళ్లీ కోస్తే గానీ దాని నిజం తెలియదు. బెడ్ అరుగుదల మీ పనికి అడ్డం కాదని ముందే చెప్పాను, అడ్డం కదలిక 0.02 లోపే ఉందంటే ఆ మాట మీద ఇప్పుడు ఇంకా గట్టిగా నిలబడతాను.

ఇక స్పిండిల్. స్పిండిల్ టేపర్ బాగా తిరుగుతోంది, గేర్ల మోత అన్ని స్పీడుల్లో ఒకే తీరుగా ఉంది, మైల్డ్ స్టీలు మీద ఫినిష్ వస్తోంది. ఈ మూడూ కలిపి చూస్తే బేరింగ్ చెడిపోయిందనిపించడం లేదు, బిగుతు సడలిందనిపిస్తోంది. స్పిండిల్ వెనుక భాగంలో బిగుతు సర్దే నట్, దానికి లాక్ స్క్రూ ఉంటాయి. అమ్మేవారి అనుమతితో, మీ టర్నర్‌గారి చేతనే ఆ పని చేయించండి. నట్ మీద, పక్కనున్న ఇనుము మీద కలిపి గుర్తు గీయండి. లాక్ వదులు చేసి, గుర్తు నుంచి కొద్దికొద్దిగా బిగిస్తూ ప్రతిసారీ కర్రతో ఎత్తి డయల్ చూడండి. 0.02 లోపుకు వచ్చాక లాక్ వేసి, తక్కువ స్పీడుతో మొదలుపెట్టి పై స్పీడు వరకు పెంచుతూ అరగంట తిప్పండి. ముందు బేరింగ్ ఉన్న చోట అరచేయి ఆనించి ఉంచగలిగేంత వెచ్చదనం ఉంటే సరిపోయింది. చేయి పెట్టలేనంత కాలితే వెంటనే ఆపి, నట్‌ను గుర్తు వైపు వెనక్కు తిప్పాలి. వేడి అదుపులో ఉండి, మళ్లీ పార్టింగ్ చేస్తే అలలు పోతే, మిషను తీసుకోండి.

బిగించినా లూజ్ తగ్గకపోతే, లేదా తగ్గగానే కాలిపోతుంటే, బేరింగులు మార్చవలసిందే. స్పిండిల్‌కు వాడేవి బజారులో దొరికే మామూలు రకం కావు, నాణ్యత ఎక్కువ ఉన్న తరగతివి. వాటి ధర, విప్పి కూర్చోబెట్టే కూలి ముందుగా కనుక్కుని మొత్తం ధరలోంచి తగ్గించి అడగండి. తుక్కు ధరను మిషను బరువుతో గుణించి వచ్చినదాన్ని కనీస ధరగా పెట్టుకోండి, అంతకన్నా తక్కువ అడిగి ఆ కుటుంబాన్ని నొప్పించవద్దు. స్పిండిల్ సర్దుకుంటే, లేని గేరు కోయించడానికీ స్టెడీ సంపాదించడానికీ అయ్యే ఖర్చు తీసేసి 1,35,000 దగ్గర మాట్లాడడం న్యాయమని నా అంచనా. నూనె మార్చిన తేదీలు రాసుకున్న మనిషి చేతిలో నడిచిన మిషను అది. 1,45,000 దగ్గర తెగినా నేనైతే వదలను. ఆ పుస్తకాన్ని కూడా ఇమ్మని అడగండి, ఇవ్వడానికి మనసొప్పకపోతే ప్రతి పేజీ ఫోటో తీసుకోండి.


జవాబు: లేత్ వర్క్స్ యజమాని, విజయవాడ ఆటోనగర్

ఫోర్‌మన్ గారి లెక్క చూశాక నా మాట సవరించుకుంటున్నాను. మా షాపులో పొడవైన రోలర్ల పని ఎక్కువ, అందువల్ల నాకు బెడ్డే కనబడుతుంది. మీ పనికి ఆయన చెప్పిందే సరి.

బేరం కుదిరితే రవాణా దగ్గర జాగ్రత్త పడండి. లేత్‌కు బరువంతా హెడ్‌స్టాక్ వైపు, పైభాగంలో ఉంటుంది కాబట్టి కొద్దిగా ఒరిగినా ఆగదు. హెడ్‌స్టాక్ నూనె తీసేయండి. సాడిల్‌ను, టెయిల్‌స్టాక్‌ను చివరికి నెట్టి లాక్ చేస్తే బరువు కొంత సమం అవుతుంది. హైడ్రాతో (చిన్న క్రేనుతో) ఎత్తేటప్పుడు పట్టీలు బెడ్ కిందుగా రావాలి, లీడ్ స్క్రూకు, ఫీడ్ రాడ్డుకు తగలకుండా మధ్యలో చెక్క ముక్కలు పెట్టించాలి. చక్‌కు గానీ స్పిండిల్‌కు గానీ పట్టీ వేయనివ్వకండి. తొందరలో ఉన్న హైడ్రా కుర్రాళ్లు మొదట అదే చేయబోతారు. విప్పదగిన చక్, మోటారు గార్డు, టూల్ పోస్టు విడిగా గోనెల్లో చుట్టించండి. బెడ్‌కు గ్రీజు బాగా పట్టించి పైన ప్లాస్టిక్ కప్పండి, మీ చెరువుల గాలికి రాత్రికి రాత్రే తుప్పు పడుతుంది.

షాపులో గట్టి కాంక్రీటు మీద నిలిపి, మీటరుకు 0.02 మి.మీ. చూపే లెవెల్‌ను సాడిల్ మీద అడ్డంగా పెట్టి, చక్ దగ్గర ఒకసారి, చివర ఒకసారి చూస్తూ రెండు చోట్లా బుడగ ఒకేచోట నిలిచే వరకు కాళ్ల బోల్టులు సర్దండి. నేల సర్దుకోవడానికి కొన్నాళ్లు పడుతుంది కాబట్టి రెండు వారాల తరవాత మళ్లీ చూడాలి. అప్పుడు 150 మి.మీ. పొడవున కోసి టేపర్ కొలవండి. అప్పటికీ టేపర్ మిగిలితే మాత్రమే హెడ్‌స్టాక్ బోల్టుల జోలికి వెళ్లాలి. అంతవరకు రావలసి వస్తే ఇక్కడే రాయండి, భీమవరం మాకు దగ్గరే. లెవెల్ తీసుకుని నేనే వస్తాను.